మూడూ ఐదూ ముప్పై ఐదా?

ఆవకాయ రోజులొచ్చాయంటే తాడేపల్లిగూడెంలో మా ఇంటి ఫోను మోగుతూనే ఉంటుంది. ఏలూరు నుంచి మా వదిన, కొల్లేటి పక్కన కైకలూరు నుంచి మా పిన్ని, హైదరాబాదు నుంచి మా అమ్మాయి! అందరిదీ ఒకటే ప్రశ్న, "ఇన్ని కిలోల ముక్కలకి ఉప్పెంత, కారమెంత?" అని.

ఆ కొలతలన్నీ మా అత్తగారి నోటి లెక్క. ఆవిడ పోయాక అవి నా నోటుపుస్తకంలో నూనె మరకల మధ్య మిగిలాయి. అవీ చెరిగిపోతే? ఆ బెంగతోనే, ఇంటర్‌తో చదువు ఆపేసిన నేను మా అబ్బాయి పాత కంప్యూటర్ ముందు కూర్చుని వెబ్ పేజీ మొదలుపెట్టాను.

"గూడెంలోకి నిట్ 2015లో వచ్చింది. మన వంటింట్లోకి ఇంజనీరింగ్ ఎప్పుడొచ్చిందీ?" అని మావారు ఒకటే నవ్వు!

భయపడాల్సిందేమీ లేదండీ. పేజీలో ఏ మాట, ఏ గడి, ఏ బటన్ ఉండాలో చెప్పేది హెచ్‌టీఎంఎల్. వాటి రంగూ, సైజూ చెప్పేది సీఎస్ఎస్. బటన్ నొక్కితే ఏం జరగాలో చెప్పేది జావాస్క్రిప్ట్. దీని తొలి రూపాన్ని 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో రాశారు. నాకు ఒక్క బటన్ పనిచేయడానికే పది రోజులు పట్టింది సుమండీ!

రాయడానికి ఏమీ కొననక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. ఫైలు పేరు చివర చుక్క పెట్టి హెచ్‌టీఎంఎల్ అని చేర్చి బ్రౌజర్‌లో తెరవాలి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచి, ఆ సంగతి పేజీ పైభాగంలో రాయడం మరవకండి. లేకపోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు.

మా ఇంటి కొలత ఇదీ: కిలో ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి తలా 200 గ్రాములు, పప్పునూనె 400 గ్రాములు. మొదట ఒక్క గడే పెట్టాను, లెక్క సరిగ్గానే వచ్చింది. వదినగారింటికీ కలిపి పడదామని రెండో గడి పెట్టాను. మాకు 3, వాళ్ళకి 5 కొట్టి బటన్ నొక్కితే ఉప్పు ఏడు కిలోలంది! నా గుండె గుభేలుమంది. ఎనిమిది కిలోలకి కిలో ఆరొందలే కదా!

సంగతేమిటంటే, గడిలో మనం కొట్టినదాన్ని జావాస్క్రిప్ట్ అంకెగా కాక అక్షరంగా తీసుకుంటుంది. గుణించమంటే తనే అంకెగా మార్చుకుంటుంది. ప్లస్ గుర్తు పెడితే మాత్రం పక్కపక్కన అతికించేస్తుంది. అలా 3, 5 కలిసి 35 అయ్యాయి. 'నంబర్' అనే మాటను ఇంగ్లీషులో, మొదటి అక్షరం పెద్దదిగా రాసి, గడిలో ఉన్నదాన్ని దాని పక్క బ్రాకెట్లలో పెట్టాను. ఎనిమిది వచ్చింది!

తప్పెలా పట్టావని మావారు అడిగారు. ఇన్నేళ్ళు ఆవకాయ కలిపిన చెయ్యి కదండీ, ఆ మాత్రం తెలియదూ? ఏ పేజీ చేసినా, జవాబు మీకు ముందే తెలిసిన లెక్కతో పరీక్షించుకోండి.

ఫైలు మా అమ్మాయికి పంపాను. కంప్యూటర్‌లో తెరిస్తే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఈ ఏడు అది కొలతలు అడగడానికి ఫోను చేయలేదు. మూడో రోజు తిరగగలిపాక చేసింది. "అమ్మా, అచ్చం నానమ్మ ఆవకాయే" అంది.

పేజీ అడుగున నేను రాసిన మాటా అదే మరి: 'మా అత్తగారి లెక్క'.