పింఛను పుచ్చుకున్నాక వ్యాపారమా?

తంబళ్లపల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వారి భర్త ముప్ఫైయేళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి వచ్చే నెల రిటైరవుతున్నారట.

"గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్మంతా పెట్టి మదనపల్లెలో టమోటా వ్యాపారంలో వాటా తీసుకుంటానంటున్నారు. వద్దంటే, 'నేనప్పుడే ముసలివాణ్ణయ్యానా?' అని కోప్పడుతున్నారు. రెండో అమ్మాయి పెళ్ళి ఇంకా కావలసి ఉంది. ఏం చెయ్యమంటారు?" అని వారి ప్రశ్న.

సోదరీ, వారి కోపంలో న్యాయముంది. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయస్సు 1983లో 55 ఏళ్ళకు తగ్గింది. తర్వాత పెరుగుతూ 2014లో 60, 2022లో 62 అయింది. అరవై దాటినా మనిషి పనికి వస్తాడని ప్రభుత్వమే ఒప్పుకున్నది కదా! "ఈ వయస్సులో మీకెందుకండీ" అని మాత్రం అనకండి. ఆ మాటే వారిని పంతానికి తోస్తుంది.

కాని మీ భయంలోనూ న్యాయముంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా నూరు రూపాయలు దాటింది. కోతకూలి కూడా గిట్టక రైతులు పండును పారబోసుకున్న రోజులూ ఉన్నాయి. అది నిలవ ఉండే సరుకు కాదు. అందులో ఆరితేరినవారే ఒక్కొక్కప్పుడు తట్టుకోలేరు. పైగా కమ్యుటేషన్ ఊరికే వచ్చే సొమ్ము కాదు; రేపటి పింఛనులో కొంత ఈనాడే అమ్ముకోవడం. నలభైలో పోయిన డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. అరవై రెండులో పోతే?

అమెరికాలో శాండర్స్ అనే ఆయన హోటలు, కొత్త రహదారి పడి బేరాలు పోయి, 1956లో వేలమైంది. అప్పటికాయనకు అరవై ఐదేళ్ళు. తనకు చేతనైన కోడివేపుడు విద్యనే ఊరూరా తిరిగి హోటళ్ళవారికి నేర్పి, కోడికి ఇంతని పుచ్చుకున్నాడు. 1964లో ఆ వ్యాపారాన్ని ఇరవై లక్షల డాలర్లకు అమ్మాడు. మన గుంటూరు జిల్లా మస్తానమ్మగారు నూరేళ్ళు దాటాక, 2016లో, మునిమనుమడి సాయంతో తన పొలంగట్టు వంటనే యూట్యూబులో చూపి లక్షలమందిని మెప్పించారు. ఇద్దరి పెట్టుబడీ చేతిలోని విద్యే!

మీవారి చేతిలో ఉన్న విద్య పాఠం చెప్పడం. వసారాలో పదిమంది పిల్లలతో మొదలుపెట్టమనండి. పెట్టుబడి ఒక చాప, ఒక నల్లబల్ల. టమోటా మీదే మనసుంటే, ముందు ఒక సీజను తెలిసినవారి మండీలో లెక్కలు వ్రాసి చూడమనండి. ఆ తర్వాత కూడా అమ్మాయి పెళ్ళికీ, మందులకూ తీసి పక్కన పెట్టి, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పథకంలో వెయ్యవలసింది వేసి, పోయినా రాత్రి నిద్రపట్టేంత సొమ్మే పెట్టాలి. ఇల్లు తాకట్టు మాట తలపెట్టవద్దు.

ఇదంతా వాదనగా కాక, భోజనాలయ్యాక ఇద్దరూ కాగితం మీద లెక్క వేసుకోండి. లెక్కల మాస్టార్లు లెక్కకు తప్పక తలవంచుతారు. ఏం నిర్ణయించుకున్నారో వ్రాయండి.