రాజు లేకపోతే అరాజకమేనా?

మొన్న ఆఫీసులో లంచ్ చేస్తూ నైజీరియా సహోద్యోగి ఒకాయన "మా ఇగ్బోలకి రాజు లేడు" అన్నాడు. ఏదో లోటు చెప్పుకుంటున్నాడనుకున్నా. కాదట, గొప్ప చెప్తున్నాడు! అది వాళ్ల సామెతట.

మనకి అరాజకం అంటే దోపిడీలు, దొమ్మీలు. మాటకి అసలర్థం రాజు లేకపోవడమే కదా. ఇగ్బో ఊళ్లు చాలావరకు పెద్దల సభలతో, ఒకే ఈడువాళ్ల సంఘాలతో, ఆడవాళ్ల కూటములతో వ్యవహారాలు నడుపుకున్నవే. రాజు లేకపోతే తమ తరఫున పాలన నడిపిపెట్టేదెవరు? అందుకని బ్రిటిషువాళ్లు 'వారంట్ చీఫుల'ని కొందరిని తయారుచేశారు. తమమీదా పన్ను పడబోతోందని తెలిసి 1929లో వేలాదిమంది ఆడవాళ్లు ఆ చీఫుల ఇళ్లని చుట్టుముట్టారు. కాల్పుల్లో యాభైమంది దాకా చనిపోయారు.

నైజీరియాకే చెందిన శామ్ ఎంబా, ఇగారివే కలిసి 1997లో 'ఆఫ్రికన్ అనార్కిజం' అనే పుస్తకం తెచ్చారు. అబాచా సైనిక పాలన రోజులవి. అనార్కిజం యూరప్ నుంచి దిగుమతైన సరుకు కాదు, దాని విత్తనాలు ఆఫ్రికా ఊళ్లలో ముందే ఉన్నాయన్నది వాళ్ల వాదం. మార్క్సిజంతో మొదలై అనార్కిజం వైపు మళ్లిన వాళ్ల 'అవేర్‌నెస్ లీగ్', 1999లో సైన్యం గద్దె దిగాక నీరసించిపోయింది.

వాదం నాకు నచ్చింది. కానీ ఒక ముల్లు గుచ్చుకుంటోంది. ఆ రాజులేని ఊళ్లలోనే 'ఒసు' అని ఒక వర్గం ఉండేది. దేవతలకి అంకితమిచ్చినవాళ్ల సంతతి. వాళ్లకి సభలో చోటు లేదు, మిగతావాళ్లతో పెళ్లి లేదు. ఈ పద్ధతిని 1956లో రద్దు చేసింది ఊరి సభ కాదు, ప్రాంతీయ శాసనసభ. అయినా పెళ్లిమాటల దగ్గర ఇప్పటికీ ఆరాలు తీస్తారు.

ఎక్కడో విన్నట్టు లేదూ? చిన్నప్పుడు మా ఊరి బావి దగ్గర ఎవరెక్కడ నిలబడాలో చెప్పడానికి ఏ పోలీసూ రాలేదు. రాజు లేకుండా ఊరు నడుస్తుందంటే ఒప్పుకుంటాను. రాజు పోతే చాలు, అందరూ సమానమైపోతారంటే మాత్రం ఒప్పుకోలేను. ఊరికి ఎదురు నిలబడే బలం లేనివాడికి బయటినుంచి వచ్చే చట్టమే ఆసరా.

"మీ అమ్మాయికి ఒసు సంబంధం వస్తే చేస్తారా?" అని ఆయన్ని అడగబోయి ఆగిపోయాను. అదే ప్రశ్న తిప్పి నన్నడిగితే?