ఎవరికొచ్చిన స్వేచ్ఛ?

'కమ్యూనిజం కూలింది, పత్రికలకి స్వేచ్ఛ వచ్చింది.' తూర్పు యూరప్ గురించి ఈ మాట ఎన్ని సభల్లో విన్నానో! విన్న ప్రతిసారీ నాకు 1992 డిసెంబరు నాటి జాగ్రెబ్ నగరం గుర్తొస్తుంది.

క్రొయేషియా యుగోస్లావియా నుంచి విడిపోయానని ప్రకటించుకుని అప్పటికి ఏడాదిన్నర. ఏకపార్టీ పాలన పోయింది. కొత్తగా పుట్టిన ప్రైవేటు వారపత్రికల్లో 'గ్లోబస్' ఒకటి. క్రొయేషియా ఫెమినిస్టులు క్రొయేషియానే రేప్ చేస్తున్నారని అది ఆ నెలలో ఒక వ్యాసం వేసింది. రాసినవాడి పేరు లేదు. లోపల ఐదుగురు ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి: స్లవెంకా ద్రాకులిచ్, దుబ్రావ్కా ఉగ్రెషిచ్, వెస్నా కెసిచ్, యెలెనా లోవ్రిచ్, రాదా ఇవెకోవిచ్. రచయిత్రులు, జర్నలిస్టులు. ఇవెకోవిచ్ అయితే మన ఢిల్లీకి వచ్చి బౌద్ధ తత్వం చదువుకున్న మనిషి.

వీళ్ళు చేసిన నేరం ఏమిటి? బోస్నియాలో సామూహిక అత్యాచారాల వార్తలు వస్తున్న రోజులవి. యుద్ధం ఏ జెండా కింద జరిగినా ఆడదాని శరీరాన్ని వదలదనీ, ఆ స్త్రీల బాధని జాతి ప్రచారానికి వాడుకోవద్దనీ అన్నారు. అంతే, 'మంత్రగత్తెలు' అయిపోయారు. పుట్టిన తేదీ, జాతి, పార్టీ సభ్యత్వం, పెళ్ళయిందా లేదా, పిల్లలెందరు, ఆస్తులెన్ని... అన్నీ ఒక పట్టిక గీసి అచ్చేశారు. సెర్బు మగవాళ్ళని చేసుకున్నారన్న ఎత్తిపొడుపు అదనం.

నేను డెస్కులో చేరిన కొత్తలో మెదక్ జిల్లా నుంచి బాణామతి వార్తలు వచ్చేవి. మంత్రాలు చేస్తోందని పళ్ళు రాలగొట్టిన వార్తలు. 'మూఢనమ్మకం' అని హెడ్డింగ్ పెట్టి లోపలి పేజీలోకి తోసేసేవాళ్ళం. చదువులేని ఊళ్ళ సంగతి కదా అని మా ధీమా. జాగ్రెబ్‌లో ఆ పని చేసింది ఊరి గుంపు కాదు, బాగా చదువుకున్న సంపాదకవర్గం. ఆ తర్వాత బెదిరింపులు, వెలివేతలు. ఉగ్రెషిచ్ 1993లో దేశం విడిచి వెళ్ళిపోయింది. 2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయింది.

ఇక్కడ మన వామపక్ష మిత్రులు తలాడిస్తారు, పెట్టుబడి వస్తే ఇంతే కదా అని. కాస్త ఆగండి. 1978లో బెల్‌గ్రేడ్‌లో స్త్రీవాదులు అంతర్జాతీయ సమావేశం పెట్టుకుంటే ఇది పడమటి నుంచి తెచ్చుకున్న బూర్జువా సరుకని తీసిపారేసింది మీ పార్టీ లాంటి పార్టీయే. అలా బూర్జువాలనిపించుకున్న స్త్రీవాదులే పద్నాలుగేళ్ళకి గ్లోబస్ కంటికి కమ్యూనిస్టుల ముద్దుబిడ్డలయ్యారు! తిట్టు మారింది గానీ తిట్టే హక్కు ఎవరిదన్నది మారలేదు. పార్టీ సెన్సారు లేచిపోయిన కుర్చీలో 'జాతి' వచ్చి కూర్చుంది, పక్కనే సర్క్యులేషన్ లెక్క. దీన్ని స్వేచ్ఛ అనమంటే నా నోరు రాదు.

యాజమాన్యం చేతులు మారితే చాలుననుకునేవాళ్ళు 'ఫెరల్ ట్రిబ్యూన్' కథ చూడండి. స్ప్లిట్ నగరంలో 'స్లొబోద్నా దాల్మాత్సియా' దినపత్రికని ప్రైవేటీకరణ పేరుతో పాలకపార్టీ మనుషులు చేజిక్కించుకుంటే, అందులోంచి బయటికొచ్చిన జర్నలిస్టులు 1993లో ఈ వ్యంగ్య వారపత్రికని విడిగా పెట్టారు. అధ్యక్షుడు టుడ్జ్‌మన్‌నీ, సెర్బియా నేత మిలోసెవిచ్‌నీ ఒకే మంచం మీద చూపించే ముఖచిత్రం వేసింది. 1994లో దానిమీద 'అశ్లీల ప్రచురణ' పన్ను పడింది, యాభై శాతం! అశ్లీలమట. ఐదుగురు ఆడవాళ్ళ పెళ్ళిళ్ళనీ కాపురాలనీ పట్టిక గీసి అమ్ముకోవడం మాత్రం పరిశోధనాత్మక జర్నలిజం.

ఆ పన్నుని రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. కానీ పెద్ద కంపెనీలు ప్రకటనలివ్వలేదు, అప్పులు పెరిగాయి. 2008లో ఫెరల్ మూతపడింది. గ్లోబస్ ఆ తర్వాత కూడా వారం వారం స్టాళ్ళలోకి వచ్చింది.