ఓటీపీ ఒక్కసారి.. కోత ఏటేటా!

సత్తుపల్లి: క్రెడిట్ కార్డు బిల్లులో ముక్కూమొహం తెలియని పేరుతో రూ.1,499. బ్యాంకుకు ఫోను చేస్తే ‘నిరుడు మీరే అనుమతి ఇచ్చారు’ అన్న జవాబు. కంపెనీకి రాస్తే ‘షరతుల్లో ఉన్నదే జరిగింది’ అన్న మెయిలు. ఉపాధ్యాయులు, ప్రైవేటు ఉద్యోగులు, చిన్న వ్యాపారుల చేతుల్లోకి కార్డులు వచ్చాక నగరాల నాటి ఈ తగవు మండల కేంద్రాలకూ చేరింది. పోటీ పరీక్షల యాప్, సినిమాల యాప్, ఫొటోలు దాచుకునే చోటు, కంప్యూటరుకు వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్.. సరుకు ఏదైనా తంతు ఒక్కటే. మొదట ‘ఏడు రోజులు ఉచితం’ అంటారు, లేదా ఒక్క రూపాయి తీసుకుంటారు. కార్డు నంబరు, ఓటీపీ ఇచ్చాక చందా దానంతటదే కొనసాగుతుంది.

సొమ్ము స్వల్పమే కావచ్చు. చిక్కంతా ‘అనధికారం’ అన్న మాట దగ్గర ఉంది. అడగకుండా తీసుకున్నారు గనుక అది అనధికారమని కార్డుదారు వాదన. ఒకనాడు ఓటీపీ ఇచ్చారు గనుక అధికారం ఉన్నట్లేనని బ్యాంకు వాదన. కౌంటరు దగ్గర ఈ రెండో వాదనే నెగ్గుతున్నది. కార్డుదారు తల ఊపి బిల్లు కట్టి వెళ్లిపోతున్నాడు. రిజర్వు బ్యాంకు ఉత్తర్వులు చదివితే మాత్రం బ్యాంకు వాదన అంత గట్టిది కాదని తేలుతుంది.

ఒక రోజు ముందు చెప్పాలి

కార్డుల నుంచి పదేపదే జరిగే స్వయంచాలక చెల్లింపులపై రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టు 21న ఒక ఉత్తర్వు జారీచేసింది. బ్యాంకులు, కంపెనీలు సిద్ధంగా లేవంటూ గడువు మీద గడువు తీసుకోగా, చివరకు 2021 అక్టోబరు 1 నుంచి అది ఖచ్చితంగా అమలులోకి వచ్చింది. దాని సారాంశం ఇది. చందాకు తొలిసారి అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. తరువాత ప్రతి కోతకూ కనీసం 24 గంటల ముందు బ్యాంకు కార్డుదారుకు సందేశం పంపాలి. అందులో కంపెనీ పేరు, మొత్తం, కోత పడే తేదీ, సమయం, కారణం, రిఫరెన్సు నంబరు ఉండాలి. ఆ ఒక్క కోతను గాని, మొత్తం ఆదేశాన్ని గాని అప్పుడే ఆపుకునే వీలు కల్పించాలి. కోత పడిన తరువాత మరో సందేశం రావాలి. ఈ సదుపాయానికి కార్డుదారు నుంచి పైసా రుసుము తీసుకోరాదు.

ఆపే అధికారం కంపెనీ చేతిలో కాక కార్డుదారు చేతిలో పెట్టడమే ఇందులోని అసలు విశేషం. ‘మా యాప్‌లోకి వెళ్లి రద్దు చేసుకోండి’ అని కంపెనీ అన్నా, బ్యాంకు అన్నా వినవలసిన పనిలేదు. బ్యాంకు వెబ్‌సైటులో, యాప్‌లో నడుస్తున్న ఆటోపే ఆదేశాల జాబితా ఉంటుంది. అక్కడ రద్దు చేస్తే సరిపోతుంది. అయితే అది చెల్లింపుకు మాత్రమే రద్దు. కంపెనీతో ఉన్న చందా ఒప్పందం తెగిపోయిందని నిరూపించుకోవడానికి దానికీ ఒక మెయిలు పంపి దాచుకోవడం మంచిది.

మరి కోత పడేటప్పుడు ఓటీపీ ఎందుకు అడగరు? అడగనవసరం లేని పరిమితి ఒకటి ఉంది. 2019లో రూ.2 వేలుగా మొదలై, 2021 జనవరి నుంచి రూ.5 వేలు, 2022 జూన్‌లో రూ.15 వేలు అయింది. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లు చెల్లింపులకు 2023 డిసెంబరులో దాన్ని రూ.లక్షకు పెంచారు. సామాన్యులు కట్టే చందాలన్నీ దాదాపుగా రూ.15 వేల లోపువే. అంటే తొలి ఓటీపీ తరువాత కార్డుదారుకు మిగిలే రక్షణ ఆ 24 గంటల సందేశం ఒక్కటే.

ఆ సందేశం ఇంగ్లీషులో వస్తుంది. రుణాల ప్రకటనలు, చీరల తగ్గింపు ధరలు, రీచార్జి గుర్తుచేతల నడుమ పడి ఉంటుంది. కొందరికి ఎస్సెమ్మెస్ కూడా రాదు, ఏనాడో ఇచ్చి మరచిన మెయిలుకు పోతుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో అయిదు రూపాయల పద్దు తేడా వస్తే తేల్చుకోకుండా కదలని మనిషి కూడా, చేతిలోని ఫోనుకు వచ్చిన ఈ కబురును చూడడు. చూసినా అది బెదిరింపో, మోసపు లింకో అనుకుని తుడిచేసేవారున్నారు. అపరిచిత సందేశాలను నమ్మవద్దని బ్యాంకులే ఏళ్ల తరబడి చెబుతున్నాయి గనుక వారిని తప్పుపట్టలేము.

అడగవలసినవి వేరు

‘నాకు తెలియకుండా పోయింది’ అని ఫిర్యాదు రాస్తే ‘మీరే ఓటీపీ ఇచ్చారు’ అన్న జవాబుతో అది ముగుస్తుంది. అందుకే ప్రశ్న మార్చాలి. ఈ ఆదేశం ఏ తేదీన నమోదైంది, ఏ ధ్రువీకరణతో నమోదైంది? అందులో గరిష్ఠ మొత్తం ఎంత, కాలపరిమితి ఎంత? ఈ కోతకు ముందు 24 గంటల సందేశం ఏ నంబరుకు, ఏ సమయాన పంపారు? ఇవి రాతపూర్వకంగా అడగాలి. 2022 ఏప్రిల్ 21న జారీ అయిన కార్డుల మార్గదర్శకాల ప్రకారం బిల్లుపై అభ్యంతరం చెప్పిన కార్డుదారుకు గరిష్ఠంగా 30 రోజుల్లో వివరణ ఇవ్వాలి, అవసరమైన చోట పత్రాల ఆధారమూ చూపాలి. మోసమని అభ్యంతరం చెప్పిన లావాదేవీపై వివాదం తేలేవరకు ఎలాంటి చార్జీలూ వేయరాదు.

సందేశం పంపలేదని తేలితే తప్పు బ్యాంకుదే. రద్దు చేసిన తరువాత కోత పడితే ఆ రద్దు ఆధారం చూపి సొమ్ము వెనక్కు కోరవచ్చు. మరో ముఖ్యమైన వాక్యం 2019 ఉత్తర్వులోనే ఉంది. అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేసే నిబంధనలు ఈ స్వయంచాలక చెల్లింపులకూ వర్తిస్తాయని అందులో స్పష్టంగా చెప్పారు. ‘ఓటీపీ ఇచ్చారు గనుక అవి మీకు వర్తించవు’ అని మాటతో కొట్టిపారేసే అవకాశం అందువల్ల బ్యాంకుకు లేదు. ఇక సందేశమూ పంపి, కార్డుదారు చూడక ఊరుకుంటే? నిజం చెప్పాలంటే అక్కడ అతని వాదన బలహీనమే. కంపెనీ దయ చూపితే తప్ప ఆ విడత సొమ్ము రావడం కష్టం.

ఆ బాధ్యత నిబంధనలు 2017 జులై 6 నాటివి. ఖాతాదారు తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండా మూడో వ్యక్తి వల్ల సొమ్ము పోయి, సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఒక్క రూపాయి కూడా ఖాతాదారు భరించనక్కరలేదని అవి చెప్పాయి. సందేశం అందిన రోజు లెక్కలోకి రాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే రూ.5 లక్షల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డుపై గరిష్ఠ భారం రూ.10 వేలు. తప్పు బ్యాంకుదైతే ఫిర్యాదు ఆలస్యమైనా భారం బ్యాంకుదే. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా తిరిగి జమచేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, బాధ్యత ఖాతాదారుదేనని నిరూపించవలసింది బ్యాంకు. నెలాఖరు బిల్లు వచ్చేదాకా కాచుకుని కూర్చుంటే ఈ మూడు రోజుల హక్కు చేజారుతుంది.

అసలు ఏనాడూ కార్డు ఇవ్వని చోటి నుంచి కోత పడితే అది చందా వ్యవహారం కాదు, నేరం. వెంటనే కార్డును స్తంభింపజేసి 1930కి ఫోను చేయాలి. బ్యాంకు నంబరును కార్డు వెనుక చూసుకోవాలే తప్ప ఇంటర్నెట్‌లో వెతకరాదు. ‘సొమ్ము తిరిగి ఇప్పిస్తాం’ అంటూ నకిలీ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవారు రూ.1,499 పోగొట్టుకున్నవారి వద్ద మిగిలినదీ ఊడ్చుకుపోతారు.

డాలర్లలో పడితే..

అమెరికా చదువులకు సిద్ధమయ్యే పిల్లలున్న ఇళ్లలో ఈ బాధ మరొక రూపంలో వస్తుంది. పరీక్షల సన్నాహానికి విదేశీ వెబ్‌సైటులో ఉచిత ప్రయోగానికి తండ్రి కార్డు ఇస్తారు. ప్రయోగం ముగియగానే డాలర్లలో కోత పడుతుంది, దానిపై బ్యాంకు మారకపు రుసుమూ కలుస్తుంది. విదేశీ వర్తకులు కొందరు ఓటీపీ అడగకుండానే తీసుకోగలరు. విదేశీ చెల్లింపుల ధ్రువీకరణపై రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు సైతం ఒక్కసారి జరిగే చెల్లింపుల గురించే గాని చందాల గురించి కావు. ఉపాయం మాత్రం చేతిలోనే ఉంది. 2020 జనవరి 15 నాటి ఉత్తర్వు పుణ్యమా అని విదేశీ వాడకాన్ని కార్డుదారే యాప్‌లో ఎప్పుడైనా ఆపవచ్చు, తెరవవచ్చు. పని అయిన మరుక్షణం మూసివేస్తే సరి.

ఉచ్చుకు చట్టం పెట్టిన పేరు

చేరడానికి ఒక్క నొక్కు, మానడానికి పది మెట్లు. ఈ వ్యాపార రీతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో ‘చందా ఉచ్చు’గా పేర్కొని నిషేధించింది. అందులోని 13 మోసపూరిత పద్ధతుల్లో ఉచిత ప్రయోగాన్ని చెప్పకుండా చందాగా మార్చి సొమ్ము గుంజడం కూడా ఒకటి. కాబట్టి కంపెనీపై ఫిర్యాదుకు దారి వేరుగా ఉన్నది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడ తేలకపోతే ఖమ్మంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తన నివాస జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన విలువ రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. వివాదం మొదలైన రెండేళ్లలోగా వేయాలి. రూ.1,499 కోసం ఖమ్మం బస్సు ఎక్కేదెవరన్న ధీమా మీదే ఈ వ్యాపారం నడుస్తున్నదన్నది వేరే సంగతి.

బ్యాంకులు స్వయంగా వేసే రెన్యువల్ చార్జీల కథ కూడా దీనికి దగ్గరిదే. ‘ఉచిత కార్డు’ అని అంటగట్టే ఏజెంటు, ఆ ఉచితం మొదటి ఏడాదికేనన్న సంగతి మింగేస్తాడు. రెండో ఏడాది వార్షిక రుసుము బిల్లులో కనిపిస్తుంది. వద్దనుకుంటే బకాయి తీర్చి మూసివేత కోరాలి. ఏడు పనిదినాల్లో మూయకపోతే ఆపై రోజుకు రూ.500 చొప్పున కార్డుదారుకు చెల్లించాలని 2022 మార్గదర్శకాలు బ్యాంకులను ఆదేశించాయి.

తెలుగులో ఎందుకు రాదు?

కార్డు షరతులు వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలని అవే మార్గదర్శకాలు చెప్పాయి. అసలు రక్షణ అయిన 24 గంటల సందేశం అర్థమయ్యే భాషలో ఉండాలని 2019 ఉత్తర్వు చెప్పింది గాని, ఫలానా భాష అని పేర్కొనలేదు. కరెంటు బిల్లు, రేషను సరుకుల కబురు తెలుగులో వస్తున్నప్పుడు ‘రేపు మీ కార్డు నుంచి రూ.1,499 పోతుంది, వద్దంటే ఇక్కడ నొక్కండి’ అన్న ఒక్క వాక్యం తెలుగులో పంపడానికి సాంకేతిక అడ్డంకి ఏమీ లేదు. గ్రామాల్లో ఆర్థిక అక్షరాస్యత సదస్సులు పెట్టే బ్యాంకులు పొదుపు గురించి చెప్పినంతగా ఆటోపే జాబితా ఎలా తెరవాలో చూపడం లేదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిపడకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు. ఎలా రాయాలో తెలియనివారు 14448కి ఫోను చేస్తే తెలుగులో చెబుతారు. ఇంటర్నెట్ లేనివారు నిర్ణీత నమూనాలో ఫిర్యాదు రాసి, బ్యాంకుకు ఇచ్చిన మొదటి అర్జీ నకలు జతచేసి, చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి తపాలాలో పంపవచ్చు.