యంత్రం అమ్మితే బాధ్యత తీరదు

సార్వా కోతలు వచ్చాయంటే డెల్టా రైతుకు రోజులు గంటల్లా గడిచిపోతాయి. వరికోత యంత్రం చూస్తూండగానే చేను ముగించి పక్క కమతానికి వెళ్ళిపోతుంది. ధాన్యం ట్రాక్టరు ట్రక్కులోకి చేరుతుంది. గడ్డి మాత్రం చేను పొడవునా వరుసలుగా పడి ఉంటుంది. ఒకపక్క దాళ్వా నాట్లకు వేళ మించుతూ ఉంటుంది. మరోపక్క తుపాను భయం. ఈ రెండింటి నడుమ చిక్కిన కొద్ది రోజుల్లోనే గడ్డిని ఆరబెట్టి, కట్టలు కట్టి, ఇంటికి చేర్చుకోవాలి. ఆ పనికి నేడు చాలా గ్రామాల్లో గడ్డి కట్టల యంత్రమే దిక్కు. బేలర్ అని పిలిచే ఆ యంత్రం మధ్యలో మొరాయిస్తే రైతుకు ఎవరు దిక్కు అన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

పూర్వం కోసిన పనలను కట్టి, కుప్పలు వేసి, కళ్ళంలో నూర్చి, గడ్డిని వాములుగా పేర్చేవారు. వాన నీరు లోపలికి దిగకుండా వాము వేయడం తెలిసిన పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఇప్పుడు కూలీలు దొరకడం కష్టమయింది. కోత యంత్రం వచ్చాక పనలూ లేవు, కుప్పలూ లేవు. యంత్రం వదిలిన గడ్డిని చేత్తో ఏరి మోపులు కట్టించాలంటే కూలి గిట్టుబాటు కాదు. అందుకే కొందరు రైతులు గడ్డికి నిప్పు పెడుతున్నారు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయని శాస్త్రజ్ఞుల లెక్క. తగలబెడితే అందులోని నత్రజని దాదాపు అంతా పొగలో కలిసిపోతుంది. అదే గడ్డి పశువు తింటే పాలుగా ఇంటికీ, పేడగా పొలానికీ తిరిగి వస్తుంది. ఊళ్ళో గేదెల కడుపు నిండాలన్నా, మెట్ట ప్రాంతాలకు లారీల్లో గడ్డి పంపాలన్నా కట్టలు కట్టక తప్పదు.

ఈ యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. చిన్న ట్రాక్టరుతో నడిచే ఒక రకం గడ్డిని గుండ్రంగా చుట్టి, పురికొసను చుట్టూ అనేకసార్లు తిప్పి, కత్తితో తెంపి కట్టను బయటికి నెడుతుంది. దీనిలో ముడి ఉండదు. కట్ట సుమారు 15 నుండి 25 కిలోలు తూగుతుంది. రెండో రకం గడ్డిని దిమ్మెలుగా అదిమి, పురికొసతో ముడి వేసి వదులుతుంది. మనిషి చేతివేళ్ళు చేసే పనిని ఒక ఇనుప కొక్కెం చేస్తుంది. ఏ రకమైనా యంత్రం ఖరీదు లక్షల్లో ఉంటుంది. అది ఆగిపోవడానికి మాత్రం పెద్ద కారణం అక్కరలేదు. కత్తి మొండిబారినా, ముడివేసే కొక్కెం అరిగినా, గడ్డిని ఎత్తే పళ్ళు వంగినా, చివరకు పురికొస ఉండ అయిపోయినా యంత్రం గట్టున నిలబడుతుంది.

చిన్న వస్తువు విలువ తెలియాలంటే ఒక బోల్టు సంగతి చాలు. ట్రాక్టరు పీటీవో షాఫ్టు నుండి శక్తి అందుకునే చోట ఒక బోల్టు ఉంటుంది. గడ్డి ఇరుక్కుని భారం మించితే అది తానే తెగిపోయి లోపలి పళ్ళచక్రాలను కాపాడుతుంది. అది తెగినపుడు మరొకటి దగ్గర లేక, డ్రైవరు చేతికందిన గట్టి బోల్టు బిగిస్తాడు. రెండోసారి గడ్డి ఇరుక్కుంటే బోల్టు తెగదు, గేరుబాక్సే పగులుతుంది. కొద్ది రూపాయల వస్తువు సమయానికి అందకపోతే వేల రూపాయల నష్టం. అమ్మినవారు యంత్రంతోపాటు నాలుగు బోల్టులు ఇచ్చి, వాటి పని ఏమిటో ఒక్క మాట చెప్పి ఉంటే ఈ నష్టం తప్పేది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. యంత్రం కొనేదాకా రైతు చుట్టూ తిరిగేవారు చాలామంది. అమ్మకాల ప్రతినిధి ఇంటికి వస్తాడు. బ్యాంకు అప్పు కాగితాలు, సబ్సిడీ దరఖాస్తు అన్నీ తానే పూర్తి చేయిస్తాడు. యంత్రం ఇంటిముందు దిగాక కొబ్బరికాయ కొట్టి ఫోటో తీయిస్తాడు. సీజనులో యంత్రం ఆగిన రోజున ఫోను చేస్తే అదే ప్రతినిధి సర్వీసు వారిని అడగమంటాడు. సర్వీసు వారు విడిభాగం గోదాములో లేదంటారు. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, ఓడ దాటాక బోడి మల్లయ్య అన్న సామెత రైతులకు గుర్తు వస్తే తప్పేముంది?

అయితే నింద అంతా ఆ ఉద్యోగుల మీద వేయడం న్యాయం కాదు. అమ్మకం జరిగితే ప్రతినిధికి కమీషను ముడుతుంది. సమయానికి బాగుచేసినందుకు మెకానిక్కుకు ప్రత్యేకంగా ముట్టేదేమీ ఉండదు. యంత్రాలన్నీ ఒకే పక్షంలో నడుస్తాయి కనుక అన్నీ ఒకే పక్షంలో ఆగుతాయి. మోటారు సైకిలు మీద, భుజాన సంచితో, రాత్రి తొమ్మిదింటికి కూడా టార్చిలైటు వెలుగులో చైను బిగించే కుర్రవాడు ఒక్కడే అయితే అతడు ఎన్ని ఊళ్ళకు పోగలడు? దుకాణంలో విడిభాగాలు అందించే గుమాస్తా, ఫోను తీసే అమ్మాయి, పురికొస ఉండలు మండలాలకు చేరవేసే వ్యాను డ్రైవరు — సీజను నిజంగా ఆధారపడేది వీరిమీదే. రైతు కోపాన్ని ముందుగా భరించేదీ వీరే. జీతం, పెట్రోలు ఖర్చు, రాత్రి పనికి భత్యం, సరైన శిక్షణ లేకుండా వీరినుండి సేవ ఆశించడం యజమానులకు తగదు.

పురికొస విషయం మరీ నిర్లక్ష్యానికి గురవుతున్నది. యంత్రం గురించి వంద ప్రశ్నలు వేసే రైతు పురికొస గురించి ఒక్కటీ అడగడు. సన్నం లావులతో నూలిన పురికొస మధ్యలో తెగుతుంది. తేమ పట్టింది కుళ్ళిపోతుంది. ఉండ బరువు చూసి కొంటే సరిపోదు. కిలోకు ఎన్ని మీటర్లు వస్తుందో తెలిస్తేనే కట్టకు ఎంత ఖర్చో తేలుతుంది. చవక అని ప్లాస్టిక్ తాడు వాడేవారు మరొకటి గమనించాలి. కట్ట విప్పేటపుడు తాడు ముక్కలు గడ్డిలో మిగిలితే పశువు మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. పొట్టలో ఉండకట్టి ప్రాణం మీదికి తెస్తుంది. జనపనార పురికొసతో ఆ భయం బాగా తక్కువ. ఈ తేడా రైతుకు చెప్పవలసిన మొదటి మనిషి దుకాణంలో పురికొస అమ్మేవాడే.

పురికొస ధర రైతు మెడకు ఉచ్చు కావడం కొత్తేమీ కాదు. అమెరికాలో 1870ల చివర జాన్ యాపిల్‌బీ అనే ఆయన ముడివేసే యంత్రభాగానికి రూపం ఇచ్చిన తరువాత అక్కడి గోధుమ రైతులందరికీ పురికొస అవసరమయింది. వ్యాపారులు కూడబలుక్కుని ధర పెంచుతున్నారని రైతులు గగ్గోలు పెట్టారు. అపుడు మిన్నెసోటా రాష్ట్ర ప్రభుత్వం 1890లలో స్టిల్‌వాటర్ జైలులో పురికొస తయారీ మొదలుపెట్టి రైతులకు నేరుగా అమ్మింది. మరికొన్ని రాష్ట్రాలు కూడా ఆ దారినే నడిచాయి. తాడు ముక్క చిన్నదే అయినా పంట దానిమీద ఆధారపడినపుడు ప్రభుత్వం చూస్తూ కూర్చోరాదని ఆ ఉదంతం చెబుతున్నది.

మన ప్రభుత్వం జైళ్ళలో పురికొస నూలనక్కరలేదు. ఊరూరా సహకార సంఘాలున్నాయి, రైతు సేవా కేంద్రాలున్నాయి. ఎరువులు ముందుగా నిలవ చేసినట్టే కోతలకు నెల ముందు పురికొస నిలవ చేయడానికి అడ్డేమిటి? ఏలూరులోనూ, నెల్లిమర్ల, చిట్టివలసల్లోనూ జనపనార మిల్లులు నడిచిన నేల ఇది. ఉత్తరాంధ్ర రైతులు తరతరాలుగా గోగునార పండించినవారే. ఆ నారతో గట్టి పురికొస తయారు చేయించగలిగితే రెండు ప్రాంతాల రైతులకూ మేలు.

యంత్రం కొనడానికి ప్రభుత్వ సాయం ఉంది. 2014–15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల రైతులకు 50 శాతం దాకా, ఇతరులకు 40 శాతం దాకా సబ్సిడీకి వీలు కల్పించారు. 2025 సెప్టెంబరు 22 నుండి గడ్డి కట్టల యంత్రాలపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. ఇవన్నీ అమ్మకాన్ని పెంచేవే. మంచిదే. అమ్మిన యంత్రం సీజనులో నడిచేట్టు చూడవలసిన పూచీ గురించి కూడా అంత పట్టుదల కనబడాలి. సబ్సిడీ యంత్రాలు అమ్మే ప్రతి డీలరూ జిల్లాలో ఎంతమంది మెకానిక్కులను ఉంచాడో, ఏయే విడిభాగాలు నిలవ ఉంచాడో కోతలకు ముందే అధికారులు తనిఖీ చేయాలి. లేనివారిని ఆ ఏడాది జాబితా నుండి తప్పించాలి.

మెకానిక్కులకు, డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే చోటు మనకు దూరంగా లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. డీలర్లు తమ సిబ్బందిని అక్కడికి పంపవచ్చు. ఉండి కృషి విజ్ఞాన కేంద్రం వంటివి కోతలకు ముందు ఒక్కరోజు శిబిరం పెట్టి, గడ్డి ఎంత ఆరాక కట్టాలో, మంచు ఆరకముందే కడితే బూజు ఎలా పడుతుందో, కత్తి ఎప్పుడు సాన పట్టాలో నేర్పవచ్చు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

రైతులు కూడా కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. డబ్బు కట్టకముందే యంత్రం పరీక్షా నివేదిక చూపమని అడగాలి. విడిభాగాల ధరల పట్టిక, మెకానిక్కు పేరు, ఫోను నంబరు కాగితం మీద రాయించుకోవాలి. వారంటీలో ఏవి ఉన్నాయో, అరిగిపోయే భాగాలుగా ఏవి తప్పించారో చదివించుకోవాలి. పురికొసకు కూడా బిల్లు తీసుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, రైతు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపయితే ఫిర్యాదుకు రుసుము లేదు. రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. యంత్రాన్ని అద్దెకు తిప్పినా, అది స్వయంగా చేసుకునే జీవనోపాధి అయితే చట్టం రక్షణ ఉంటుంది. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. బిల్లు లేనిచోట ఏ చట్టమూ ఆదుకోలేదు.

కమిషన్ తీర్పు ఎంత న్యాయమైనదైనా తడిసిన గడ్డిని తిరిగి ఆరబెట్టలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. తుపాను కబురు అందాక రైతు చేతిలో మిగిలేది రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో ఒక బోల్టు కోసం జిల్లా కేంద్రానికి పరుగెత్తే దుస్థితి ఉండకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు.

కోతలకు ముందే ప్రతి మండలంలో ఒక మెకానిక్కు, ఒక పెట్టెడు విడిభాగాలు, తగినంత పురికొస సిద్ధంగా ఉంచితే చాలు. అమ్మకందారులకు ఇది భారమేమీ కాదు. ఒక ఊళ్ళో యంత్రం ఆగకుండా నడిస్తే పక్క ఊరి రైతు తానే వచ్చి కొంటాడు. డీలర్లు, సహకార సంఘాల పెద్దలు, వ్యవసాయాధికారులు ఈసారి కోతలకు ముందే ఒకచోట కూర్చుని ఏ మండలానికి ఎవరు బాధ్యులో తేల్చాలి. ఆ జాబితాను ప్రతి రైతు సేవా కేంద్రం గోడమీద అతికించాలి.