గుమ్మం దగ్గర అడగని ప్రశ్న

మన ప్రభుత్వం ఇంటికొచ్చి అడగని సంగతంటూ లేదు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేవాళ్ళు బియ్యం ఎన్ని కిలోలు తింటారో, మందులకెంత ఖర్చయిందో అడిగి రాసుకుంటారు. కానీ, "మీ ఇంట్లో దొంగలు పడ్డారా? మిమ్మల్ని ఎవరైనా కొట్టారా? పోలీసు స్టేషనుకు వెళ్ళారా, వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదు?" అని దేశమంతటా క్రమం తప్పకుండా అడిగే సర్వే మనకు ఇంతవరకూ లేదు. అలాంటిదానికి కేంద్ర ప్రభుత్వం ఆమోదం ఇచ్చి తీరాలన్నది నా వాదన.

నేరాల లెక్కలు లేవా అంటారేమో. 1953 నాటి నుంచీ అచ్చవుతూనే ఉన్నాయి. అయితే అవి స్టేషన్లో నమోదైన కేసుల లెక్కలు. సెల్‌ఫోను ఎవడో కొట్టేస్తే "పోయింది" అని రాసివ్వమంటారు చూడండి, అక్కడితో ఆ దొంగతనం లెక్కలోంచి మాయం! ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనబడితే ఎఫ్.ఐ.ఆర్. రాయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చిందంటేనే పరిస్థితి తెలుస్తోంది. ఇంకో విడ్డూరం ఏమిటంటే, వచ్చిన ప్రతి ఫిర్యాదునీ రాసుకునే నిజాయితీ గల ఎస్.ఐ. హయాంలోనే నేరాలు 'పెరుగుతాయి'. రాసుకోనివాడిది రామరాజ్యం!

అమెరికావాళ్ళు ఈ సర్వే 1972లోనే మొదలుపెట్టారు. ఎంపికైన ఇంట్లో పన్నెండేళ్ళు నిండిన ప్రతివారినీ ఆర్నెల్లకొకసారి చొప్పున మూడున్నరేళ్ళలో ఏడుసార్లు అడుగుతారు. అడిగేది పోలీసులు కాదు, జనాభా లెక్కల శాఖవాళ్ళు. హింసాత్మక నేరాల్లో సగం కూడా పోలీసులదాకా పోవడం లేదని ఇటీవలి సంవత్సరాల ఫలితాలు చెబుతున్నాయి. హత్యలు మాత్రం ఇందులోకి రావు. చనిపోయినవాణ్ణి అడగలేరు కదా!

అక్కడి ఆమోద పద్ధతి నాకు మరీ నచ్చింది. ప్రభుత్వ ఫారాల బెడద తగ్గించడానికి 1980లో చేసి, 1995లో సవరించిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం ప్రశ్నావళిని ముందు 60 రోజులు, తర్వాత 30 రోజులు జనం ముందు పెట్టాలి. జవాబులకు జనం గంటలెన్ని ఖర్చవుతాయో కూడా చెప్పాలి. ఆమోదం మూడేళ్ళకు మించి ఇవ్వరు. గడువు తీరితే మళ్ళీ మొదటినుంచీ అడుక్కోవాల్సిందే.

మనకు చట్టం లేదా అంటే, 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ఉంది. దెబ్బలు తిన్నవారిలో ఎందరు అధికారులకు చెప్పుకున్నారన్నది 2015లో మనమూ ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి లక్ష్యాల కొలబద్దల్లో ఒకటి కూడాను. ఖర్చంటారా? బియ్యం లెక్కకు దొరికే డబ్బు దీనికి దొరకదా?

మిత్రులారా, నా భయమల్లా అడిగే తీరు గురించే. ఖాకీ బట్టలవాడు వచ్చి అడిగితే మన ఊళ్ళలో ఎవరు నోరు విప్పుతారు? మొగుడు అరుగు మీద కూర్చునుంటే భార్య ఏం చెబుతుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవారు నూటికి 14 మందే. ఆ మాత్రమైనా బయటపడిందంటే, ఆ ప్రశ్నలు ఇంటికొక్క స్త్రీనే, అదీ ఏకాంతంగానే అడిగారు గనుక. ఏకాంతం కుదరకపోతే ప్రశ్నలు ఆపేయాలన్నది అక్కడి నియమం. రాబోయే ఫారంలో కూడా ఆ నియమం మొదటి పేజీలోనే అచ్చు కావాలి.