అది పీజీ కాదండీ బాబూ!

ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో పదహారేళ్ళ పిల్లాణ్ణి అమెరికా పంపుతూ మనవాళ్ళు అనుకునేదేంటంటే - "ఏజెన్సీకి లక్షలు కట్టాం కదా, పెట్టుకున్న ఇంటివాళ్ళకీ అందులో వాటా ఉంటుందిలే" అని. ఉండదండీ! జె-1 వీసా మీద వచ్చే హైస్కూల్ పిల్లల్ని పెట్టుకున్నందుకు ఏజెన్సీ వాళ్ళకి డబ్బులివ్వకూడదని అక్కడి రూలు. గది, తిండి అన్నీ వాళ్ళ జేబులోంచే. మహా అయితే టాక్సులో నెలకి 50 డాలర్ల దాకా డిడక్షన్, అదీ ఐటమైజ్ చేస్తేనే.

మనవాడేమో తిన్న కంచం సింకులో పడేసి, గదిలో దూరి, అమ్మతో రెండు గంటలు వీడియో కాల్. అమ్మగారు ఇటునుంచి "రోజూ అన్నం వండమని ఆవిడకి చెప్పరా" అని సలహా! బెంగ ఉంటుంది, కాదనను. కానీ సాయంత్రమంతా ఫోన్లోనే ఉంటే ఆ ఇంట్లో ఎప్పుడుంటాడు? కాల్స్ తగ్గించండి. విమానం ఎక్కేలోపు అంట్లు తోమడం, పప్పుచారు పెట్టడం నేర్పండి. ఇంగ్లీషు సంగతి వాడు అక్కడ చూసుకుంటాడు.